అటక మీది పెళ్లి క్యాసెట్, ఆల్బమ్‌లోని ఫొటో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఎలా

హనుమకొండ, పరకాల, జమ్మికుంట, జగిత్యాల వైపు 1980ల చివర నుంచి 2000 దాకా పెళ్లి చేసుకున్న వాళ్లలో చాలామంది ఇళ్లలో ఒక నల్లటి వీడియో క్యాసెట్ ఉంటుంది. అటక మీదో, బీరువా అడుగునో. డబ్బా మీద వధూవరుల పేర్లు, పక్కన స్టూడియో ముద్ర. దాన్ని ఆడించే మెషీన్ మాత్రం ఇంట్లో ఉండదు. వీసీఆర్‌లు తయారు చేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు దొరికే ప్రతి వీసీఆరూ పాతదే.

క్యాసెట్ పాడవుతుందేమో అన్న దిగులు కంటే, ఆడించే మెషీన్ దొరకదేమో, దొరికినా బాగు చేసే మనిషి ఉండడేమో అన్న దిగులే నాకు ఎక్కువ. అందుకే ఈ పని ఒక్కసారే, సరిగ్గా చేయాలి. రంగులు సరిచేయడం, అక్కర్లేనివి కోసేయడం ఎప్పుడైనా చేసుకోవచ్చు. టేపు నుంచి దించేటప్పుడు పోయింది మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

ముందు అన్నీ కిందికి దించండి

అటక, ట్రంకు పెట్టె, అమ్మగారింటి బీరువా, అన్నీ వెతికి ఉన్నవన్నీ ఒకచోట పరవండి. పెద్ద వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, చిన్న హ్యాండీక్యామ్ క్యాసెట్లు, సీడీలు, డీవీడీలు, ఆల్బమ్‌లు, నెగెటివ్‌ల కవర్లు వేర్వేరు కుప్పలు పెట్టండి. నెగెటివ్‌లను చాలామంది చెత్త అనుకుని పారేస్తారు. నిజానికి ఫొటో కంటే నెగెటివ్‌లోనే ఎక్కువ వివరం ఉంటుంది.

ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి నోటుబుక్‌లో రాసుకోండి. డబ్బా మీద ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. డబ్బాలు, క్యాసెట్లు తారుమారైన ఇళ్లు బోలెడు. అక్క పెళ్లి అని రాసిన డబ్బాలో తమ్ముడి పుట్టువెంట్రుకలు ఉండొచ్చు.

ఏది ముందు? నా లెక్కలో మొదట సీడీలు, డీవీడీలు. అవి కొత్తవి కదా, ఆగినా పర్వాలేదు అనుకుంటారు గానీ, ఇంట్లో, స్టూడియోల్లో రాసిన డిస్కుల్లో డేటా ఒక పల్చటి రంగు పొర మీద ఉంటుంది. వేడికి, వెలుతురుకు ఆ పొర పాడవుతుంది. పైగా డిస్కును కాపీ చేయడం నిమిషాల పని. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత ఫొటోలు. కానీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే ఈ వరస మారుతుంది. ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

క్యాసెట్‌ను మెషీన్‌లో పెట్టే ముందు

క్యాసెట్ వెన్ను వైపు, లేబుల్ అంటించే చోట, ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. ఆ రెక్క లేకపోతే వీసీఆర్ రికార్డింగ్ చేయదు, పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా ఏమీ చెరగదు. పెళ్లి క్యాసెట్ మీద ఆదివారం సినిమా రికార్డు చేసుకున్న ఇళ్లు మన దగ్గర తక్కువేం లేవు. మూడుముళ్ల దాకా పెళ్లి, ఆ తర్వాత క్రికెట్ మ్యాచ్.

తర్వాత టేపును చూడండి. క్యాసెట్ పక్కనున్న చిన్న మీట నొక్కి, ముందు మూతను వేలితో పైకి ఎత్తండి. కిటికీలోంచి చుట్టల మీద కూడా టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి లాంటిదో, సాలెగూడు లాంటి మరకలో కనిపిస్తే అది బూజు. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే తేమకు, మూత పెట్టిన అటకకు ఇది మామూలే. బూజు పట్టిన క్యాసెట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్లకు అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. దాన్ని విడిగా కవర్లో పెట్టి, టేపు శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వండి. ముట్టుకునేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు తడిసిన సామాన్లు కొన్ని ఇళ్లలో ఇంకా అలాగే మూటల్లో ఉండొచ్చు. తడిసి ఆరిన క్యాసెట్‌లో బురద పొడి ఉంటుంది. దాన్నీ ఆడించకండి. ఇకముందు ఎప్పుడైనా ఫొటోలు తడిస్తే గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఒకదానికొకటి అంటుకుని ఆరనివ్వకూడదు. శుభ్రమైన చల్లటి నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసి, బొమ్మ వైపు దేనికీ తగలకుండా నీడలో ఆరేయాలి.

టేపు బాగానే ఉంటే, అటక మీంచి దించిన రోజే ఆడించకుండా ఒక రోజు గది వాతావరణానికి అలవాటు పడనివ్వండి. తర్వాత చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్ట కొన్నిచోట్ల బిగుసుకుని, కొన్నిచోట్ల వదులై ఉంటుంది. ఇలా చేస్తే సమానంగా చుట్టుకుంటుంది.

వీసీఆర్ సంపాదించడం

ముందు చుట్టాలనే అడగండి. ముఖ్యంగా దుబాయ్, మస్కట్ వెళ్లొచ్చిన వాళ్లను. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లలో గల్ఫ్ నుంచి తెచ్చిన వీసీఆర్‌లు కొన్ని ఇప్పటికీ గుడ్డ కప్పి ఉంటాయి. అలా దొరకకపోతే పాత స్టూడియో వాళ్లు, టీవీ మెకానిక్‌లు. అదీ కాకపోతే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకడం, లేదా ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కొనడం. కొనే ముందు ఒక పనికిరాని క్యాసెట్ తీసుకెళ్లి ఆడించి, రివైండ్ చేసి, బయటికి తీసి చూడండి. లోపలి రబ్బరు బెల్టులు గట్టిపడిపోతే మెషీన్ టేపును నమిలేస్తుంది. మీ పెళ్లి క్యాసెట్‌తో ఆ పరీక్ష చేయొద్దు.

రికార్డింగ్ లేని వీసీపీ దొరికితే అదీ మంచిదే. చెరిగే ప్రమాదమే ఉండదు.

బొమ్మలో మంచు కురుస్తున్నట్టు చుక్కలు వస్తుంటే చాలావరకు హెడ్ మురికి. ప్లగ్ తీసేసి, పై మూత విప్పి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల కాగితం ముక్కను గుండ్రటి డ్రమ్‌కు మెల్లగా ఆనించి, డ్రమ్‌ను చేత్తో తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది. దూది పుల్లలు వాడకండి, పోగులు హెడ్‌లో ఇరుక్కుంటాయి. చేతికి ధైర్యం లేకపోతే మెకానిక్‌కు వదిలేయడమే నయం.

ఇంకో సంగతి. మన దేశంలో క్యాసెట్లు పాల్ అనే టీవీ పద్ధతివి. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్ అయితే ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతిది అయి ఉంటుంది. సౌదీ నుంచి వచ్చినవాటిలో మీసెకామ్ కూడా ఉండొచ్చు. బొమ్మ నలుపు తెలుపుగానో, పొర్లుతూనో వస్తే క్యాసెట్ పోయిందని కంగారు పడకండి. ఈ పద్ధతులన్నీ ఆడించే మల్టీసిస్టమ్ వీసీఆర్‌లో పెట్టి చూడండి.

తీగలు కలపడం, రికార్డు చేయడం

వీసీఆర్ వెనక పసుపు, తెలుపు రంధ్రాలు ఉంటాయి. కొన్నింటికి ఎరుపు కూడా. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. ఈ మూడింటినీ అందుకుని కంప్యూటర్ యూఎస్‌బీకి ఇచ్చే చిన్న పరికరాన్ని వీడియో క్యాప్చర్ అంటారు. చవక రకాలు వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. ఎల్గాటో లాంటివి ఎక్కువ ఖరీదు, డ్రైవర్ తలనొప్పి తక్కువ. ఒక పెళ్లి క్యాసెట్ కోసమైతే చవకదానితో పని జరుగుతుంది. కానీ దాని డ్రైవర్ మీ విండోస్‌కు పడుతుందో లేదో అడిగి కొనండి.

ఒకటి మాత్రం కొనొద్దు: ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా. టీవీలో చూడటానికైతే సరే. రికార్డింగ్‌కు పెడితే అది బొమ్మను అడ్డంగా సాగదీసి, కదలికను చెడగొట్టి ఇస్తుంది. కొన్ని షాపుల్లో దీంతోనే పని కానిచ్చి హెచ్‌డీ చేశామని చెప్తారు. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉండే వివరమే సుమారు 240 గీతలు. లేని హెచ్‌డీ ఎక్కడి నుంచి వస్తుంది?

రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. సెట్టింగ్‌లలో ఇవి చూసుకోండి. వీడియో పరికరాన్ని సోర్స్‌గా చేర్చి, రిజల్యూషన్ 720 ఇంటూ 576, వీడియో స్టాండర్డ్ పాల్-బీ పెట్టండి. క్యాన్వాస్ 768 ఇంటూ 576 పెట్టి, బొమ్మను దాని నిండా సరిపెట్టండి. అప్పుడు 4:3 ఆకారం సరిగ్గా వస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ 16:9కి సాగదీయకండి. పెళ్లికూతురు మొహం గుమ్మడికాయ అవుతుంది.

తర్వాతది చాలామంది వదిలేసే విషయం. పాత టీవీ బొమ్మలో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా వస్తుంది: ముందు ఒక గీత విడిచి ఒక గీత, తర్వాత మిగిలిన గీతలు. సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 సగాలు. ఇది పట్టించుకోకుండా రికార్డు చేస్తే, బరాత్‌లో ఎగిరే వాళ్ల చేతుల చుట్టూ అడ్డంగా రంపపు పళ్లలాంటి గీతలు వస్తాయి. ఓబీఎస్‌లో సోర్స్ మీద కుడి క్లిక్ చేసి, ఈ సగాలను సరిచేసే డీఇంటర్లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. ఫ్రేమ్ రేటు 50 పెట్టండి. అలా చేస్తే ఆ 50 సగాల కదలికా నిలుస్తుంది, ఆట ఆటలాగే కనిపిస్తుంది. కదిలే చోట గీతలు కాకుండా వణుకు కనిపిస్తే ఫీల్డ్ ఆర్డర్, అంటే ఆ సగాల వరస, తిరగబడినట్టు. అదే మెనూలో టాప్ ఫీల్డ్, బాటమ్ ఫీల్డ్ మార్చి చూడండి.

బిట్‌రేట్, అంటే సెకనుకు రాసే డేటా, 10,000 కేబీపీఎస్ పెడితే గంటకు సుమారు నాలుగున్నర జీబీ అవుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు పధ్నాలుగు జీబీ దాకా ఖాళీ ఉంచుకోండి. ఫైల్ రకం ఎంకేవీ పెట్టండి. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైల్ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు, ఎంకేవీ అయితే అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. అయ్యాక ఓబీఎస్‌లోనే రీమక్స్ అనే దాంతో నిమిషంలో ఎంపీ4గా మార్చుకోవచ్చు. నాణ్యత ఏమీ తగ్గదు. వీసీఆర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచితే ఇంకా మంచిది. టేపు తిరుగుతుండగా కరెంటు పోతే టేపు లోపలే ఇరుక్కుంటుంది.

ఇంకాస్త పట్టుదల ఉన్నవాళ్లు వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని పద్ధతిలో, ఇంటర్లేస్డ్‌గానే, అంటే సగాలు సగాలుగానే, దించుకుని, తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. అసలైన మాస్టర్ కాపీ అంటే అదే. హార్డ్ డిస్క్ చాలా తింటుంది. ఒకటే క్యాసెట్ ఉంటే ఆ శ్రమ పడండి. ఇరవై ఉంటే ఓబీఎస్ దారే నయం.

ఇప్పుడు ప్లే నొక్కండి. మొదటి అయిదు నిమిషాలు రికార్డు చేసి ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని చూడండి. బొమ్మలో అడ్డంగా తెల్ల పట్టీ ఉంటే ట్రాకింగ్ బటన్ తిప్పుతూ అది పోయేదాకా సరిచేయండి. బొమ్మ అడుగున సన్నటి వణుకు గీత ఉంటుంది. అది పాత టీవీల్లో కనపడేది కాదు గానీ అన్ని క్యాసెట్లలోనూ ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి. సన్నాయి ఒక చెవిలోనే వినిపిస్తుంటే వీసీఆర్ మోనో అన్నమాట. ఆడియో సెట్టింగ్‌లో మోనో టిక్ పెడితే రెండు చెవులకూ వస్తుంది.

అంతా బాగుంటే మొదటికి రివైండ్ చేసి మొత్తం దించండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు పడుతుంది, త్వరగా చేసే దారి లేదు. ఆ కంప్యూటర్‌లో వేరే పని చేయకండి. విండోస్ అప్‌డేట్, స్లీప్ రెండూ ఆపేయండి. మీరు పక్కన కూర్చోలేకపోతే ఓబీఎస్‌లోని అవుట్‌పుట్ టైమర్‌తో ఇన్ని నిమిషాలకు ఆగమని చెప్పొచ్చు. టేపు ఖాళీ అయ్యాక ఒట్టి నీలి తెర వస్తుంది. కానీ నీలి తెర రాగానే ఆపేయకండి. కొందరు వీడియోగ్రాఫర్లు మిగిలిన టేపులో కొంత విడిచి సత్యనారాయణ వ్రతమో, ఒడిబియ్యమో రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. చివరిదాకా పోనివ్వండి.

అయ్యాక మూడు చోట్ల చూడండి: మొదట్లో, మధ్యలో, చివర్లో. పంతులుగారి పెదాలకూ మంత్రానికీ తేడా వస్తుందా? మొదట్లో కలిసి, చివర్లో తప్పితే మధ్యలో ఫ్రేములు పడిపోయాయని అర్థం. ఓబీఎస్ స్టాట్స్ కిటికీలో ఆ లెక్క కనిపిస్తుంది. అప్పుడు యూఎస్‌బీ రంధ్రం మార్చి, హబ్ తీసేసి, మళ్లీ దించడమే.

షాపుకు ఇచ్చేటట్టయితే

తప్పేం లేదు. వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో పాత వీడియోగ్రాఫర్లలో ఈ పని చేసేవాళ్లు ఉంటారు. కానీ ఇచ్చే ముందు మాట తీసుకోండి. డీవీడీ వద్దు, ఎంపీ4 ఫైల్ కావాలి. 4:3 ఆకారం మార్చొద్దు. కొత్త మిక్సింగ్, పూల గ్రాఫిక్స్, మూలన లోగో వద్దు. ఉన్న క్యాసెట్ ఉన్నట్టు, మొదటి నుంచి చివరిదాకా. హార్డ్ డిస్క్ మీరే ఇవ్వండి. ముందు ఒక్క క్యాసెట్ ఇచ్చి చూసి, నచ్చాకే మిగతావి ఇవ్వండి. క్యాసెట్ తప్పకుండా వెనక్కి తెచ్చుకోండి. గంట క్యాసెట్‌కు ఆరేడు వందల ఎంబీ ఫైల్ ఇస్తే గట్టిగా నలిపేశారని అర్థం, మళ్లీ అడగండి.

సీడీలు, డీవీడీలు, చిన్న క్యాసెట్లు

డీవీడీలో వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. మొత్తం ఫోల్డర్‌ను కాపీ చేసి దాచండి, అదే మాస్టర్. దాని నుంచి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు. వీసీడీ అయితే ఎంపెగ్ ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లో .DAT అనే ఫైల్ ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది. కాపీ మధ్యలో ఆగిపోతే డిస్కును మెత్తటి బట్టతో లోపలి నుంచి అంచు వైపు తుడిచి, వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. డిస్కు మీద అంటించిన లేబుల్ కాగితాన్ని పీకొద్దు, పొర కూడా ఊడొస్తుంది.

2000 తర్వాత హ్యాండీక్యామ్‌లలో వాడిన మినీ డీవీ క్యాసెట్‌లో ఉన్నది డిజిటల్ డేటానే. దాన్ని పసుపు, తెలుపు తీగలతో కాకుండా ఫైర్‌వైర్ తీగతో దించితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. గంటకు సుమారు 13 జీబీ. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫైర్‌వైర్ రంధ్రం ఉండదు. ఫైర్‌వైర్ కార్డు పెట్టిన పాత డెస్క్‌టాప్ వెతకాలి. క్యాసెట్ ఎంత ముఖ్యమో ఆ హ్యాండీక్యామ్ కూడా అంతే ముఖ్యం, పాత సామాన్ల వాడికి వేయకండి.

గల్ఫ్‌కు పోయినవాళ్లు మాటలు రికార్డు చేసి పంపిన ఆడియో క్యాసెట్లు ఉంటే వాటినీ ఈ పనిలో చేర్చండి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ వేసి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైల్‌గా దించుకోవచ్చు. పెళ్లి వీడియోకు కనీసం అవతలి వాళ్ల ఇంట్లో ఇంకో కాపీ ఉండొచ్చు. ఈ క్యాసెట్‌కు ఉండదు.

ఫొటోలు

ఫోన్‌తో ఫొటోను ఫొటో తీయడం తొందరపాటు పనులకు సరే. దాచుకోవడానికైతే ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి. మామూలు 4 ఇంటూ 6 అంగుళాల ప్రింట్లను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలతో, స్కాన్ చేస్తే 2400 ఇంటూ 3600 పిక్సెళ్లు వస్తాయి, మళ్లీ పెద్దది వేయించుకోవడానికి సరిపోతుంది. పాస్‌పోర్ట్ సైజు, ఇంకా చిన్నవి 1200లో చేయండి. మాస్టర్‌ను టిఫ్ అనే ఫైల్ రకంలో దాచండి, ఒక్కోటి 26 ఎంబీ వరకు అవుతుంది. అంత చోటు లేదనుకుంటే ఎక్కువ నాణ్యత జేపెగ్. స్కానర్‌లోని ఆటో కలర్, షార్పెనింగ్ ఆపేయండి.

ప్రతి ఫొటో వెనక వైపూ చూడండి. స్టూడియో ముద్ర, తేదీ, తాతయ్య రాసిన రెండు మాటలు, ఏదున్నా ఆ వెనక వైపు కూడా స్కాన్ చేయండి. శుభలేఖను మర్చిపోవద్దు. తేదీ, ముహూర్తం, ఊరు, ఇంటిపేర్లు అన్నీ అందులో ఉన్నాయి.

జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్‌లు ఫొటోలకు శత్రువులు. ఫొటో ఊడి రాకపోతే గోరుతో లాగకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫొటో వెనక దూర్చి, రంపం ఆడించినట్టు మెల్లగా అటూ ఇటూ లాగితే వస్తుంది. అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేయండి. ఫ్రేములోని అద్దానికి అంటుకుపోయిన ఫొటోనైతే అసలు పీకొద్దు. అద్దం మీది గంధం, కుంకుమ తుడిచి, అద్దంతోనే స్కాన్ చేయండి. ఇంకో మాట: గోడ మీది తాతగారి పెద్ద ఫొటో చాలాసార్లు చేత్తో రంగులు దిద్ది పెంచినది. దాని అసలు చిన్న ఫొటో ఏ గ్రూప్ ఫొటోలోనో, పాత కాగితాల్లోనో ఉంటుంది. అది దొరికితే అసలు మొహం దొరికినట్టే.

నెగెటివ్‌లకు ఫిల్మ్ స్కాన్ చేసే స్కానర్ కావాలి. ఎప్సన్ వీ600 లాంటివి చేస్తాయి, మామూలు ఆఫీసు స్కానర్లు చేయవు. 2400 నుంచి 3200 డీపీఐ పెట్టండి. దుమ్ము తీసే ఐస్ అనే సదుపాయం రంగు నెగెటివ్‌లకు బాగా పనిచేస్తుంది. నలుపు తెలుపు నెగెటివ్‌లకు పెడితే బొమ్మనే చెడగొడుతుంది, ఆపేయండి. అంచులు మాత్రమే పట్టుకోండి, నోటితో ఊదకండి.

ఎక్కడో ఒక ఇంట్లో 8 ఎంఎం లేదా సూపర్ 8 సినిమా రీలు దొరికితే దాన్ని పాత ప్రొజెక్టర్‌లో ఆడించే సరదా పడొద్దు. ముడుచుకున్న ఫిల్మ్ చిరుగుతుంది. పుల్లటి వాసన వస్తే ఫిల్మ్ కుళ్లడం మొదలైనట్టు. అది ఇంట్లో చేసుకునే పని కాదు, ఫ్రేము ఫ్రేమూ స్కాన్ చేసేవాళ్లకు త్వరగా ఇవ్వండి.

ఎవరెవరో రాసుకోవడం

పైన వరస మారుతుందన్నది ఇందుకే. ఫైల్ పదేళ్ల తర్వాతా తెరుచుకుంటుంది. ఎదుర్కోళ్లలో ముందు నిలబడ్డ తెల్ల తలపాగా ఆయన ఎవరో చెప్పే మనిషి అప్పటికి ఉంటారో లేదో. ఇంట్లో పెద్దవాళ్లుంటే, సగం సగం పనైనా సరే, ఫోన్‌తో తీసిన ఫొటోలైనా సరే, ముందు వాళ్లతో కూర్చోండి.

వీడియోను టీవీలో పెట్టి, పక్కన ఫోన్‌లో వాయిస్ రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి. గుర్తుందా అని అడిగితే లేదు బిడ్డా అంటారు. ఈమె ఎవరమ్మా, అప్పుడు ఎక్కడ ఉండేవాళ్లు అని అడిగితే కథ మొదలవుతుంది. మధ్యలో ఆపి తేదీలు సరిచేయకండి. ఒకేసారి గంట దాటనివ్వకండి, అలసిపోతారు. ఆ శబ్దం ఫైల్‌ను కూడా వీడియోతో పాటే దాచండి. ఒక్కోసారి అసలు క్యాసెట్ కంటే అదే విలువైనది.

పేర్లు రాసేటప్పుడు చిన్నాయన, మేనత్త, పెద్ద బావ అని రాస్తే మీ పిల్లలకు అర్థం కాదు. మీ చిన్నాయన వాళ్లకు తాత. ఇంటిపేరు, పేరు, ఊరు రాసి, ఆ తర్వాత ఎవరికి ఏమవుతారో రాయండి. ఫైల్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, సంవత్సరం ముందు వచ్చేలా, తర్వాత సందర్భం, ఊరు, నంబరు. 1991-05_pelli_parakala_001 లాగా. అలా పెడితే కంప్యూటరే వాటిని కాలక్రమంలో పేర్చుతుంది. ఏడాది కచ్చితంగా తెలియకపోతే నోటుబుక్‌లో సుమారు అని రాసుకోండి. చీరల అంచులు, కారు నంబరు, గోడ మీది క్యాలెండర్ ఏదో ఒకటి తర్వాత పట్టిస్తుంది.

చూసుకునే కాపీ

మాస్టర్ ఫైల్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని కాపీ మీద మాత్రమే కత్తెర ఆడించండి. మూడు గంటల వీడియో ఎవరూ చూడరు. ఎదుర్కోళ్లు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్ అని ముక్కలు చేస్తే అందరూ చూస్తారు. పెన్‌డ్రైవ్ గొడవ కూడా తప్పుతుంది. పాత టీవీలు చదివే ఫ్యాట్32 పద్ధతి పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. కోడెక్ హెచ్.264 ఉంచండి, పాత టీవీలు, ఫోన్లు అన్నీ ఆడిస్తాయి.

రంగులు కొంచెం సరిచేయండి, చాలు. కృత్రిమ మేధతో బొమ్మను పెద్దది చేసే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. చీరలు, పందిరి బాగానే వస్తాయి గానీ మొహాలను అవి ఊహించి గీస్తాయి. నాయనమ్మ మొహం నున్నగా, ఎవరిదో అయిపోతుంది. సరదాకు ఒక కాపీ చేసుకోండి, అదే అసలు అని మాత్రం పంచకండి.

యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా, పెడితే విదేశాల్లో ఉన్నవాళ్లు చూస్తారు. కానీ మన పెళ్లి వీడియోల మిక్సింగ్ అంతా సినిమా పాటలే. కాపీరైట్ క్లెయిమ్ వచ్చి శబ్దం పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. క్లౌడ్ డ్రైవ్ లింకు పంపడం మేలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా నలగకుండా వెళ్తుంది. పుట్టింటి వాళ్ల ఏడుపులు, చిన్నపిల్లల స్నానాలు, విడిపోయిన జంటల పెళ్లిళ్లు ఊరందరి గ్రూపులో వేసే ముందు వాళ్లను ఒక మాట అడగండి.

దాచడం

మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఇంకొకటి వేరే కంపెనీ హార్డ్ డిస్క్‌లో, వేరే ఊళ్లో ఉండే అన్న ఇంట్లోనో, అక్క ఇంట్లోనో. మూడోది క్లౌడ్‌లో. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీనే, ఫొటోలకు ఉన్న అపరిమిత ఉచితం 2021 జూన్ 1తో పోయింది. కాబట్టి మాస్టర్లకు డబ్బు కట్టాల్సి ఉంటుంది. అది కుదరకపోతే కనీసం ఫొటోలు, ముక్కలు చేసిన వీడియోలు పెట్టండి. పెన్‌డ్రైవ్‌ను దాచుకునే చోటుగా లెక్కలోకి తీసుకోకండి, అది తీసుకెళ్లడానికి మాత్రమే.

దసరా సెలవుల్లో రెండు హార్డ్ డిస్కులూ ఒకసారి తెరిచి, నాలుగైదు ఫైళ్లు ఆడించి చూడండి. అయిదేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చండి. అసలు క్యాసెట్లు పారేయొద్దు. మొదటికి రివైండ్ చేసి, డబ్బాలో పుస్తకంలా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, అటక మీద కాకుండా లోపలి గది బీరువా మధ్య అరలో ఉంచండి. స్పీకర్లకు, ఇన్వర్టర్‌కు దూరంగా. డబ్బా మీద కంప్యూటర్‌లోని ఫైల్ పేరు, దించిన తేదీ రాసిన చీటీ అంటించండి. లేకపోతే మూడేళ్ల తర్వాత ఇది దించామా లేదా అని ఇంకెవరో మళ్లీ వీసీఆర్ కోసం వెతుకుతారు.